ఎగిరే పురాల్లో ఎవరుండేవారు?

కార్తీక పౌర్ణమి నాటికి నూజివీడు మామిడి తోటల్లో పెద్దగా పని ఉండదు. రసాలు, బంగినపల్లి కాపు దిగిపోయి నెలలవుతుంది. పూతకు ఇంకా వ్యవధి ఉంటుంది. ఆ రాత్రి సందడంతా శివాలయాల దగ్గరే. రెండు గుంజలు పాతి, పైన అడ్డకర్ర కట్టి, దానికి ఎండుగడ్డి చుట్టి అంటిస్తారు. ఆ జ్వాలాతోరణం కిందుగా స్వామి పల్లకి, వెనకే జనం దాటిపోతారు. ఆ పున్నమికే త్రిపుర పౌర్ణమి అని ఇంకో పేరు. ఆకాశంలో తిరిగే మూడు పట్టణాలను శివుడు ఒక్క బాణంతో కాల్చిన రోజది.

మరి ఆ పట్టణాల్లో ఎవరుండేవారు? ఈ ప్రశ్న పురాణాలు చెప్పినవాళ్లనే ఇబ్బంది పెట్టింది.

మహాభారతం కర్ణపర్వంలో ఈ కథ శల్యుణ్ణి కర్ణుడి సారథ్యానికి ఒప్పించడానికి దుర్యోధనుడు చెబుతాడు. తారకాసురుని ముగ్గురు కొడుకులకు మయుడు మూడు పురాలు కట్టాడు: స్వర్గంలో బంగారంతో, అంతరిక్షంలో వెండితో, భూమ్మీద ఇనుముతో. వెయ్యేళ్లకొకసారి అవి ఒక్కటవుతాయి. ఆ క్షణంలో ఒకే బాణంతో కొడితేనే కూలుతాయి. దుర్యోధనుడికి కావలసింది రథం, దాన్ని తోలిన బ్రహ్మ. అందుకే పురవాసుల చావు రెండు ముక్కల్లో ముగుస్తుంది.

అరణ్యపర్వంలో అలా కాదు. కాలకేయ పౌలోముల హిరణ్యపురం కూడా ఎగిరే నగరమే. రౌద్రాస్త్రంతో దాన్ని గెలిచానని అర్జునుడు అన్నలకు చెబుతూ, జుట్టు విరబోసుకుని కొడుకుల కోసం, తండ్రుల కోసం, అన్నదమ్ముల కోసం ఏడుస్తూ బయటికి వచ్చిన ఆడవాళ్లనూ చూపిస్తాడు. ఆ మాటల్లో పశ్చాత్తాపం లేదు. అయినా వాళ్లను కథలోంచి తీసెయ్యలేదు.

తర్వాతి పురాణాలు ఈ చిక్కును రెండు దారుల్లో విప్పజూశాయి. శివపురాణం ముందు నేరం రుజువు చేసింది. విష్ణువు సృష్టించిన మాయాగురువు త్రిపురవాసులను శివపూజకు దూరం చేస్తాడు. ఆ తర్వాతే బాణం. తప్పు చేసేలా వలపన్ని, చేశాక శిక్షించడమన్నమాట. మత్స్యపురాణం మరో దారి పట్టింది. అందులో బాణం తగిలేలోపే నంది పరుగున వెళ్లి మయుణ్ణి హెచ్చరిస్తాడు. శివభక్తుడైన ఆ శిల్పి తన ఇంటితో సహా తప్పించుకుంటాడు. అదే పురాణంలోని నర్మదా మాహాత్మ్యంలో కాలిపోతున్న స్త్రీలు అగ్నిని నిలదీస్తారు: పగ ఉంటే మగవాళ్లతో ఉండాలి, మేమేం చేశామని. నా అంతట నేను చేయడం లేదు, ఆజ్ఞ పాటిస్తున్నానంతే అని అగ్ని జవాబు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత న్యూరెంబర్గ్ బోనులో నిలబడ్డ నాజీ అధికారులు చెప్పుకున్నదీ ఇదే. ఆజ్ఞ ఉన్నంత మాత్రాన బాధ్యత పోదని ఆ న్యాయస్థానం తేల్చింది.

భాగవతం దశమస్కంధంలో కథ తిరగబడుతుంది. ఇక్కడ పైనున్నది శత్రువు, కింద ఉన్నది మనవాళ్లు. మయుడు చేసిచ్చిన సౌభక విమానమెక్కి సాళ్వుడు ద్వారక మీద రాళ్లు, చెట్లు, పాములు కురిపిస్తాడు; తోటలు, మేడలు, కోట వాకిళ్లు ధ్వంసమవుతాయి. అరణ్యపర్వంలోనైతే ద్వారక జాగ్రత్తలూ ఉన్నాయి: నగరంలో మద్యం బంద్, వంతెనల కూల్చివేత, ముద్ర చూపనిదే రాకపోకలు లేవు.

1942 ఏప్రిల్ 6న ఇది కథగా మిగల్లేదు. జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. తలెత్తి చూసి భయపడడం తీరాంధ్ర జనానికి అనుభవమైంది.

పురవాసుల ప్రశ్న వెండితెర మీదా తలెత్తింది. హాలీవుడ్ సినిమా స్టార్ వార్స్ 1977 మే 25న విడుదలైంది. అందులో ఆల్డెరాన్ అనే గ్రహాన్ని జనంతో సహా పేల్చేస్తారు. ఆ జనంలో ఒక్క ముఖమూ తెర మీద కనిపించదు. రెండు వారాలకు, జూన్ 8న, పౌరులను దాడికి గురి చేయకూడదని స్పష్టం చేసిన జెనీవా అదనపు ప్రోటోకాల్ ఆమోదం పొందింది. 1983 నాటి స్టార్ వార్స్ మూడో సినిమాలో, కట్టుబడి పూర్తికాని శత్రు కేంద్రం పేలిపోతుంది. అక్కడ కూలికి పనిచేస్తున్నవాళ్ల సంగతేమిటని 1994లో క్లర్క్స్ సినిమాలో ఇద్దరు దుకాణం కుర్రాళ్లు వాదించుకుంటారు. మయుణ్ణి ముందే బయటికి పంపిన పురాణకర్తకు ఆ శంక ఎప్పుడో వచ్చింది.

తెలుగు సినిమా ఈ బరువును చాలాకాలం తప్పించుకుంది. సింగీతం శ్రీనివాసరావు ఆదిత్య 369 (1991) క్రీ.శ. 2504కు వెళ్లినప్పుడు యుద్ధం అప్పటికే అయిపోయి ఉంటుంది. రేడియేషన్‌కు భయపడి మనుషులు భూగర్భంలో బతుకుతుంటారు. ఎవరు ఎవరిని చంపారన్నది వెనక్కి పోయి, మిగిలినవాళ్ల బతుకు ముందుకొచ్చింది.

నాగ్ అశ్విన్ కల్కి 2898 ఏడీ (2024) మళ్లీ ఆకాశపురాన్ని కట్టింది. ఎండిపోయిన కాశీ మీద తలకిందుల పిరమిడ్‌లా వేలాడే కాంప్లెక్స్‌లో నీళ్లు, పచ్చదనం, విలాసం అన్నీ ఉన్నాయి. కింద జనానికి ఏమీ లేదు. త్రిపురం లాగే దాన్ని కూల్చాలనిపించేలా కథ నడుస్తుంది. అయితే గర్భం మోయించే ప్రయోగాల కోసం ఎత్తుకొచ్చిన స్త్రీలు బందీలుగా ఉన్నదీ అక్కడే. రెండో భాగంలో కాంప్లెక్స్ కూలే ఘట్టమే ఉంటే, వాళ్లను ముందుగా కిందికి దించే నంది ఎవరో రచయితలు తేల్చుకోవలసి ఉంటుంది.