అన్నము పెట్టి, బాప్తిస్మము ఆపిన సంఘము

మన సంఘ దర్శనమేమిటి? 1876-78 కరువులో ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకం కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలిగొన్న వేలాదిమందికి కూలి ఇప్పించారు. అనేకులు బాప్తిస్మము అడిగారు. అయితే అన్నం కోసమే అడుగుతున్నారేమోనని ఆయన బాప్తిస్మములు ఆపివేశారు. సాయం ముగిసింది, జనం మాత్రం వెళ్లిపోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఆరుగురు బోధకులు 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు.

ప్రియులారా, ఆ సంఖ్యను ఏటేటా జ్ఞాపకం చేసుకుంటాము. దానికి ముందు ఆయన కనిపెట్టిన నెలలను జ్ఞాపకం చేసుకుంటున్నామా? నేడు వరద బాధితునికి బియ్యమిచ్చి, ఆదివారం ఆరాధనకు రాలేదేమని అడుగుతున్నామా? అన్నానికి షరతు వద్దు, విశ్వాసానికి ఎర వద్దు. అట్టి మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.