ఒక ట్యూబు తీసేశాక పెరిగిన చప్పుడు

సికింద్రాబాద్ మెట్టుగూడలో రైల్వే నుంచి రిటైరైన ఒక పెద్దాయన ఇంట్లో రెండున్నర అడుగుల చేపల తొట్టి ఉండేది. దాని ప్లైవుడ్ మూత రాత్రిళ్లు గుయ్యిమనేది. కారణం మీద ఇంట్లో ఎప్పుడూ ఏకాభిప్రాయం లేదు. మెట్రో పనులని ఒకరు, గాలి పంపని ఒకరు, షాపువాడు నాసిరకం చోక్ అంటగట్టాడని మరొకరు అనేవారు. ఆయన ఇప్పుడు లేరు. తొట్టి, మూత, ఆయన రాసుకున్న నోటుపుస్తకం, అందులో ఒక షాపు బిల్లు మిగిలాయి. చప్పుడు ఎక్కడిదో తేల్చడానికి ఇవి చాలు. మనుషుల పేర్లు, షాపు పేరు ఇందులో ఉండవు.

మొదట తేలాల్సింది ఎప్పటి నుంచి అన్నది. నోటుపుస్తకం 2009లో మొదలవుతుంది. నీళ్లు మార్చిన రోజు, మేత, చచ్చిన చేప, మార్చిన ట్యూబు, అన్నీ పొడి మాటల్లో ఉన్నాయి. చప్పుడు మాట మొదటిసారి 2012 జనవరిలో వస్తుంది: ‘మూత గుయ్ అంటోంది. రాత్రి 10 తర్వాత ఎక్కువ.’ అంతకు ముందు మూడేళ్ల పేజీల్లో ఆ ప్రస్తావన లేదు.

మెట్రో సంగతి ఈ తేదీతోనే తేలిపోతుంది. నాగోలు, మెట్టుగూడ మధ్య మెట్రో ట్రయల్ రన్‌లు జరిగింది 2014లో. ప్రయాణికుల రైళ్లు 2017 నవంబరు చివర మొదలయ్యాయి. పిల్లర్ల పనుల చప్పుడు అనుకుందామన్నా, అది లైటు స్విచ్ ఆపితే ఆగదు. మూత చప్పుడు ఆగేది. ‘లైటు తీస్తే నిశ్శబ్దం’ అని ఆయనే రాసిపెట్టారు.

గాలి పంపు విషయంలో ఆ ఒక్క వాక్యం సరిపోలేదు. ఆ ఇంట్లో పంపు, లైటు ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఉండేవి, ఒక్కోసారి రెండూ కలిపి ఆపేవారు. అందుకని వేరే దారి పట్టాను. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఆవృత్తమవుతుంది. ఇళ్లలో వాడే చిన్న గాలి పంపులో ఒక అయస్కాంతం బిగించిన రేకు ఉంటుంది. కాయిల్ దాన్ని ఒకసారి లాగి, ఒకసారి నెడుతుంది. కాబట్టి దాని అసలు స్వరం 50 హెర్ట్జ్. చోక్‌లోని ఇనుముకు అలాంటి సొంత ధ్రువం లేదు, కరెంటు ఎటు పారినా అది ఒకేలా స్పందిస్తుంది. ఆవృత్తానికి రెండు కుదుపులు వస్తాయి, అంటే 100 హెర్ట్జ్. ఫోన్‌లో ధ్వని కొలిచే యాప్ పెట్టి చూస్తే మూత దగ్గర పెద్ద గీత 100 దగ్గర లేచింది. పంపు ప్లగ్గు పీకినా ఆ గీత తగ్గలేదు. పంపు నిర్దోషి.

ఇక్కడ చోక్ చేసే పని చెప్పుకోవాలి. ట్యూబులో పాదరసపు ఆవిరి ఒకసారి వెలిగాక, కరెంటు పెరిగేకొద్దీ దాని అడ్డు తగ్గిపోతుంది. నేరుగా మెయిన్స్‌కు కలిపితే క్షణాల్లో కాలిపోతుంది. చోక్ ఆ కరెంటుకు కళ్లెం. పలుచటి ఉక్కు రేకులు పేర్చి, చుట్టూ రాగి తీగ చుట్టి, వార్నిష్‌లో ముంచి తీస్తారు. అయస్కాంత క్షేత్రంలో ఇనుము పొడవు అతి స్వల్పంగా మారుతుందని జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1842లోనే చూపించాడు. రేకుల మధ్య వదిలిన ఖాళీ దగ్గర లాగుడు కూడా దీనికి తోడవుతుంది. అందుకే రాగి చోక్ ప్రతిదీ ఎంతోకొంత మోగుతుంది. 2009 నుంచి మోగని చోక్ 2012లో ఎందుకు మోగిందన్నదే అసలు చిక్కు.

దీనికి జవాబు మూత లోపల దొరికింది. నోటుపుస్తకం మొదటి పేజీలో ‘20 వాట్ల ట్యూబులు 2’ అని ఉంది. ఇప్పుడున్నది ఒకటే. మూత బోర్లించి చూస్తే స్టార్టర్ హోల్డర్లు రెండున్నాయి, ఒకటి ఖాళీ. చోక్ మాత్రం ఒక్కటే. దాని మీద 40 వాట్లని అచ్చు. తీసేసిన ట్యూబు హోల్డర్ల దగ్గర రెండు వైర్లు మెలేసి, నల్ల టేపు చుట్టి ఉంది. మిగిలిన స్టార్టర్ మీద 4–22 వాట్లు అని ఉంది. రెండు ట్యూబులు సిరీస్‌లో వేసినప్పుడు వాడే రకం అది. అంటే మొదట రెండు 20 వాట్ల ట్యూబుల్ని వరసగా కలిపి ఒక 40 వాట్ల చోక్ మీద నడిపారు. అది తప్పు పద్ధతి కాదు, చాలాచోట్ల అలాగే చేస్తారు. 2011 నవంబరులో ‘ఒక ట్యూబు తీయించాను’ అని ఉంది. చోక్ మార్చినట్టు లేదు.

లెక్క ఇలా ఉంటుంది. వెలుగుతున్న 20 వాట్ల ట్యూబు మీద సుమారు 57 వోల్టులు పడతాయి. రెండింటికి 114. ట్యూబు వోల్టేజీ, చోక్ వోల్టేజీ ఒకే క్షణాన శిఖరానికి చేరవు కాబట్టి మామూలు తీసివేత పనికిరాదు, వర్గాలు కట్టాలి. 230 వోల్టుల మెయిన్స్‌లో రెండు ట్యూబులుంటే చోక్ మీద ఉరమరగా 200 పడుతుంది. ఒక్కటే ఉంటే 223. ఇనుము మీద భారం పదోవంతుకు పైగా పెరిగింది. వెలుగు తగ్గినా చప్పుడు పెరగడానికి కారణం ఇదే.

దీనికి రెండో సాక్ష్యం కూడా నోటుపుస్తకంలోనే దొరికింది. 40 వాట్ల చోక్ ఒక్క 20 వాట్ల ట్యూబుకు అది భరించాల్సిన దానికంటే ఎక్కువ కరెంటు వదులుతుంది. అలాంటి ట్యూబు చివరలు త్వరగా నల్లబడతాయి. 2009 నుంచి 2011 దాకా ట్యూబు మార్చిన మాట ఒక్కచోటే ఉంది. ఆ తర్వాత ఏటా ఒకటికి మించి మార్చారు. ‘కొనలు నల్లబడ్డాయి’ అన్న మాట అక్కడి నుంచే మొదలవుతుంది. చప్పుడు గురించి రాసినవాటితో సంబంధం లేకుండా రాసిన మాట ఇది, అందుకే దీనికి విలువ ఎక్కువ.

ట్యూబు ఎందుకు తీయించారు? ముందు పేజీలో నాచు పెరిగిందని ఉంది. ఆ రెండింటినీ ముడిపెట్టే వాక్యం లేదు కాబట్టి నేనూ ముడిపెట్టను.

నాసిరకం చోక్ అన్న అనుమానం ఆ షాపు బిల్లు చుట్టూ పుట్టింది. 2013 ఏప్రిల్, ‘40 వా. చోక్ 1’. నోటుపుస్తకంలో అదే వారం: ‘కొత్త చోక్. ప్రశాంతం.’ జూన్ చివర: ‘మళ్లీ మొదలు.’ రెండు నెలల్లో పాడైందంటే సరుకు మంచిది కాదనే ఎవరైనా అంటారు. కానీ అంతకు ముందు ఏడాది, 2012 ఏప్రిల్, మే పేజీలు చూడండి. పాత చోకే ఉంది, చప్పుడు మాట లేదు. జూలైలో తిరిగి వచ్చింది. ఆ ప్రశాంతత చోక్‌ది కాదు, ఎండాకాలానిది. కూలర్లు, ఏసీలు నడిచే సాయంత్రాల్లో వీధి వోల్టేజీ పడిపోతుంది. వానలు పడ్డాకా, చలి రాత్రుల్లోనూ వాడకం తగ్గి వోల్టేజీ లేస్తుంది. ట్యూబు తీసుకునే వోల్టేజీ పెద్దగా మారదు, పెరిగిందంతా చోక్ నెత్తినే పడుతుంది. రాత్రి పది తర్వాత ఎక్కువ అన్న మాటకూ ఇదే వివరణ. అదే చోక్‌ను నాలుగడుగుల 40 వాట్ల ట్యూబుకు కలిపి బల్ల మీద పెట్టాను. చెవి ఆనిస్తే తప్ప వినపడలేదు. షాపువాడు ఇచ్చింది బిల్లులో రాసిన సరుకే.

పక్కగదికి వినపడేంత చప్పుడుకు చోక్ ఒక్కటే చాలదు. మూతకు అది ఒకే స్క్రూ మీద వేలాడుతోంది, రెండో రంధ్రం తేమకు ఉబ్బి పట్టు వదిలింది. స్క్రూ విప్పి, చోక్ కింద సైకిల్ ట్యూబు ముక్క పెడితే గుయ్ మనడం గదిలోనే ఆగిపోయింది. ప్లైవుడ్ పలక తంబురా బుర్రలా పనిచేసింది.

చేపల మాట మిగిలింది. ‘ఆ చప్పుడుకే చచ్చిపోయేవండీ, మామయ్యగారు ఎంత బాధపడేవారో’ అని ఆ ఇంటి కోడలు నాతో అన్నారు. గోల్డ్ ఫిష్‌కు 100 హెర్ట్జ్ వినపడుతుంది. గాలి తిత్తిని లోపలి చెవికి కలిపే చిన్న ఎముకలు దానికున్నాయి. వెబర్ అనే శాస్త్రవేత్త 1820లో వాటిని వర్ణించాడు. వినపడటం వేరు, చావడం వేరు. చేపలు చచ్చిన తేదీలన్నీ వరసగా రాసి చూశాను. దాదాపు అన్నీ తొట్టి మొత్తం ఖాళీ చేసి, కుళాయి నీళ్లు అప్పటికప్పుడు నింపిన మర్నాడో, రెండో రోజో ఉన్నాయి. అలాంటి చావులు చప్పుడు లేని 2010లోనూ ఉన్నాయి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది మొప్పల్ని కాలుస్తుంది. చప్పుడు మీద ఈ నేరం నిలవదు.

ఇప్పుడు ఆ మూతకు 20 వాట్ల ట్యూబుకు సరిపడే ఎలక్ట్రానిక్ చోక్ వేశాం. అది ట్యూబును 20 వేల హెర్ట్జ్‌కు పైన నడుపుతుంది, మన చెవికి అందదు. ట్యూబులు ఇంకెంతో కాలం దొరకవు. పాదరసం వాడకం మీద కుదిరిన మినమాటా ఒప్పందం కింద వాటి తయారీ, ఎగుమతి, దిగుమతుల్ని 2027 చివరికల్లా ఆపాలని 2023లో నిర్ణయించారు. అప్పటికి ఎల్‌ఈడీ పట్టీ వేసుకోవాల్సిందే.

మీ ఇంట్లో తొట్టి మూత మోగుతుంటే, కొత్త చోక్ కొనేముందు ప్లగ్గు పీకి, చోక్ మీద రాసిన వాట్లను, వాడుతున్న ట్యూబుల మీద రాసిన వాట్ల మొత్తంతో పోల్చి చూడండి. సరిపోలకపోతే షాపువాణ్ణి, మెట్రోను అనకండి. నీళ్ల పక్కన టేపు చుట్టిన వైరు కనపడితే మాత్రం ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.