సుంకం ఒకటే, ఇంట్లో మాట రెండు

మా నాన్నవాళ్ళది దొడ్డబళ్ళాపురంలో మగ్గం. అమ్మ పుట్టిల్లు శిడ్లఘట్ట పక్క పల్లె, అక్కడ పట్టుపురుగులు పెంచేవాళ్ళు. నేను చదివింది కన్నడంలో, ఈ లెక్కలు విన్నది మాత్రం ఇంటి తెలుగులోనే.

ఈ గొడవ పాతదే. 1930ల మొదట్లో జపాన్, చైనా పట్టు చవగ్గా దిగి మైసూరు సీమ రైతులు దెబ్బతిన్నారు. 1934లో బ్రిటిష్ ప్రభుత్వం రక్షణ సుంకం పెట్టింది.

2011 బడ్జెట్‌లో ముడి పట్టు దిగుమతి సుంకం 30 శాతం నుంచి 5 శాతానికి దించినారు. చైనా దారం చవకైంది. నాన్నకి ఊపిరాడింది. మామకేమో గూళ్ళ ధర పడిపోయింది. మల్బరీ తోట పీకేసి టమోటా వేసినాడు. ఆ ఏడే అక్క పెళ్ళి. షాపులో చీర ధర మాత్రం మాకేం దిగినట్టు కనపడలేదు. మామ పెళ్ళికి వచ్చి, చీర అంచు పట్టుకుని చూసి, ఏమీ అనకుండా భోజనానికి పోయినాడు.

2013లో సుంకం 15 శాతానికి ఎక్కించినారు. అంకె మారను ఒక బడ్జెట్ చాలు. మామ తోట మాత్రం మళ్ళీ రాలేదు.

అప్పటినుంచి అమ్మ చీర కొనేటప్పుడు రంగుకంటే ముందు "దారం ఎక్కడిది?" అని అడుగుతుంది. నాన్న బదులు చెప్పరు.

మీ ఇంటి పెళ్ళి చీరలు ఏ ఏటివో, ఎంతకి కొన్నారో పెద్దవాళ్ళని అడిగి రాసిపెట్టుకోండి. అదీ మన చరిత్రే.