ఇస్త్రీపెట్టె కథ

రాజులు గెలిచిన యుద్ధములకు తేదీలు కలవు. తల్లులు కుట్టిన బొంతలకు తేదీలు లేవు. ఆ కుట్టుపనికి సూది తరువాత ముఖ్యమైన పనిముట్టు ఇస్త్రీపెట్టె. చెన్నై, బెంగుళూరు, షోలాపురము, బరంపురము, యానాము మొదలగుచోట్ల తరతరములుగా స్థిరపడియున్న మన కుటుంబములలో ఇది లేని యిల్లు అరుదు. దాని పుట్టుపూర్వోత్తరములను, దానిని ఎన్నుకొనవలసిన తీరును ఇచట మనవి చేయుచున్నాము.

ముందు మాట సంగతి. ‘ఇస్త్రీ’ తెలుగు మాట కాదు. సాగదీయుట అను అర్థము గల ‘ఎస్తిరార్’ అను పోర్చుగీసు క్రియనుండి ఇది వచ్చినదని భాషావేత్తలు చెప్పుదురు. సముద్రము దాటివచ్చిన యీ మాట కన్నడ, తమిళ, మరాఠీ, ఒడియా భాషలలోను కాపురము పెట్టినది. కావున మనము ఏ ఊరి బజారునకు పోయినను ఈ వస్తువునకు పేరు వెదుకుకొననక్కరలేదు. మనకు అంతకుముందే ‘చలువ’ అను మాట కలదు. శుభ్రముగా ఉతికి మడతపెట్టినవి చలువ బట్టలు. చల్లదనమును తెలుపు మాటయే శుభ్రతను గూడ తెలుపుట మన భాషలోని సొగసు.

వేడితో బట్టను సాపుచేయుట చీనాదేశమున మిక్కిలి ప్రాచీనము. 12వ శతాబ్ది నాటి పట్టుచిత్రమొకటి బోస్టన్ నగరపు లలితకళా ప్రదర్శనశాలలో కలదు. దానిని సోంగ్ వంశపు చక్రవర్తి హుయ్‌జోంగ్ పేర చెప్పుదురు. అందు స్త్రీలు పట్టువస్త్రమును చెరియొకవైపున పట్టి లాగుచుండగా, ఒకామె నిప్పులు నింపిన పిడిపాత్రను దానిపై నడుపుచుండును. వస్త్రము క్రింద వంగి తొంగిచూచు చిన్నపిల్ల కూడ ఆ చిత్రమున కలదు. మన పెద్దలు ఇత్తడి చెంబున నిప్పులు పోసి దాని అడుగుతో చొక్కాలు సాపుచేసిన పద్ధతి దీనికి దగ్గరి చుట్టమే.

ఆ పిమ్మట బొగ్గుల పెట్టె వచ్చినది. చెక్కపిడి, తెరచు మూత, ప్రక్కల గాలిరంధ్రములు, లోపల కణకణలాడు నిప్పులు! కొబ్బరిచిప్పల బొగ్గు వేడిని నిలుపునని దానిని కోరి తెచ్చుకొనెడివారు. అయినను ఒక్క మిణుగురు పడిన చాలును, పండుగచీరకు చిల్లి. కొంచెము బూడిద రాలిన చాలును, తెల్లపంచెకు మరక.

పాశ్చాత్యదేశములలో పొయ్యిమీద కాచు ఇనుపదిమ్మలు వాడుకలో నుండెను. వాని పిడి చేతిని కాల్చెడిది. 1871లో మేరీ ఫ్లారెన్స్ పాట్స్ అను అమెరికా గృహిణి ఊడదీయగల చల్లని పిడిని కల్పించి పేటెంటు పొందినది. 1882లో న్యూయార్కు వాసి హెన్రీ సీలీ విద్యుత్తు ఇస్త్రీపెట్టెకు పేటెంటు పొందెను. అయితే నాటి ఇండ్లలో విద్యుత్తు అరుదు. తరువాత కాలిఫోర్నియాలో ఎర్ల్ రిచర్డ్సన్ అను విద్యుత్ సంస్థ అధికారి, గృహిణుల ఇస్త్రీదినమగు మంగళవారము పగటివేళ కూడ విద్యుదుత్పత్తి జరుగునట్లు తన సంస్థను ఒప్పించెను. పెట్టె నడుమ కాగుచున్నది గాని మొనయందు వేడి చాలదని ఇల్లాండ్రు చెప్పగా, 1905 ప్రాంతమున మొన బాగుగా కాగు పెట్టెను తయారుచేసెను. మడతలలోనికి, గుండీల నడుమకు పోవలసినది మొనయే గదా!

మనవైపున 1902లో శివనసముద్రపు జలవిద్యుత్తు కోలారు బంగారుగనులకు చేరినది. 1905లో బెంగుళూరు వీధులలో వెలిగినది. ఇండ్లలోనికి తీగలు వచ్చిన కొలది బొగ్గుల పెట్టె అటక నెక్కినది. 1926లో న్యూయార్కులో ఆవిరి ఇస్త్రీపెట్టె విక్రయమునకు వచ్చినది. దాని మర్మము సులభము: తొట్టిలోని నీరు బొట్లుబొట్లుగా కాగిన అడుగుపలకలోని గదిలో పడి, ఆవిరియై రంధ్రములగుండా బట్టలోనికి పోవును. పలక చాలినంత కాగకున్నచో నీరు నీరుగనే కారును.

ఈ చివరి వాక్యము మేము నష్టపడి నేర్చుకొన్నది. మా నాయనమ్మగారి పాత నేతచీరలతో మా యింటి స్త్రీలు ఒక బొంతను కుట్టుచుండిరి. మేము ఆడంబరమునకు లోబడి, రంధ్రములు మెండుగా గల పెట్టెనొకదానిని కొంటిమి. అందు బోరుబావి నీరు పోసితిమి. పని ముగిసిన పిదప నీటిని పారబోయలేదు. కొన్ని నెలలకు ఉప్పు పేరుకొని, ఒకనాడు పలక కాగకమునుపే నడుపగా, గోధుమరంగు నీరు తెల్లని అంచుపై కారినది. ఆ మరక నేటికిని పోలేదు. నాయనమ్మగారు లేరు, ఆ చీర మరల దొరకదు. తప్పు సగము పెట్టెది, సగము మాది.

కావున కుట్టుపనికి పెట్టెను కొనువారికి మా మనవి. అడుగుపలక నునుపుగాను, సమతలముగాను, మొన సన్నగాను ఉండవలెను. ఐ.ఎస్. 366 ప్రమాణముద్రను, భూమితీగ గల మూడుకాళ్ల ప్లగ్గును చూచుకొనవలెను. నూలుబట్టకు మూడు చుక్కల గుర్తు, అనగా సుమారు 200 డిగ్రీల వేడి తగును. నైలానుకు ఒక చుక్క చాలును. బొంతముక్కలపై పెట్టెను ఈడ్వరాదు. ఎత్తి ఎత్తి అదుమవలెను. ఏటవాలుగా కత్తిరించిన ముక్క ఆవిరికి, లాగుడుకు సాగి కొలత తప్పును. ఆవిరి పెట్టెయే కావలెనన్నచో లవణములు తీసిన నీరు పోసి, పని ముగియగనే ఖాళీ చేయవలెను. మాకు మాత్రము బరువైన పొడి ఇస్త్రీపెట్టె, దర్జీలు వాడు తడిగుడ్డ, ఈ రెండే నమ్మకమైనవని తోచుచున్నది.

మన బొంతనే ఉత్తర కర్ణాటకమున కౌది యనియు, మహారాష్ట్రమున గోధడి యనియు, ఒడిశాలో కంథ యనియు అందురు. పొరుగువారి కుట్టు మన చేతికి వచ్చినది. మన కుట్టు వారి యింటికి పోయియుండును. పేర్లు మారినను పాతచీరల మెత్తదనము ఒక్కటియే. అయితే, ఎవరు కుట్టిరో, ఏనాడు కుట్టిరో తెలియక ఎన్ని బొంతలు చినిగిపోలేదు! ఇకమీద మీ యింట బొంత ముగిసిననాడు, మూలను ఇస్త్రీతో చదునుచేసి, కుట్టినవారి పేరును, సంవత్సరమును దారముతో తెలుగు అక్షరములలో కుట్టుడు. మా యింటి మరకపడిన బొంత మూలను అట్లే కుట్టితిమి. బడిలో తెలుగు నేర్వని మా మనుమరాలు మొట్టమొదట కూడబలుకుకొని చదివిన తెలుగు మాట, ఆ మూలనున్న ముత్తవ్వ పేరు.