కాడి దించినాక

మంటకాడికి జరగండి నాయనా, చలి ముదురుతాంది. అమ్మీ, ఆ కందికట్టె రెండు ఎగదొయ్యి. ముసలెద్దును ఏం చేస్తాంటిరి అవ్వా అని అడిగితివి గదా, చెప్తా ఇను. ప్రొద్దుటూరులో పశువుల డాక్టరు చదువు చదువుతాండావు, నీకు పనికొచ్చే ముచ్చటే ఇది.

నేను కాపురానికి వచ్చేనాటికి మన కొట్టంలో ఒక జత ఉండె. ఎలపట పుల్లెద్దు, దాపట మైలెద్దు. పేర్లంటే వాటి రంగులే. పిలిస్తే చెవి తిప్పి చూస్తాండె. రేగడిలో మడక, గుంటక, గొర్రు అన్నీ వాటి మెడమీదనే. ఇంకా బాయికాడ కపిల. తోలు బానను మోకుకు కట్టి బాయిలోకి వదుల్తారు. ఎద్దులు మోకు లాక్కుంటా పల్లంలోకి దిగితే బాన పైకొచ్చి కాలవలో నీళ్లు కుమ్మరిస్తాది. మళ్లా ఎనక్కి నడిచి బాయి గట్టుకు ఎక్కాల. చీకటితోనే మొదలుపెడితే ఎండెక్కేదాకా అదే నడక. కరెంటు మోటార్లు వచ్చి కపిలలు మూలబడేసరికి పుల్లెద్దు మోకాళ్లు అరిగిపోయుండె.

ఎద్దు వయసు దాని నోట్లో ఉంటాది. కిందిదవడ ముందర పండ్లు చూసి రెండు పండ్లది, నాలుగు పండ్లది, ఆరు పండ్లది అంటారు. ఎనిమిదీ వస్తే నోరు గూడిందంటారు. పైదవడకు ముందర పండ్లే ఉండవు. నోరు గూడినాక ఇంక అరుగుడే. పుల్లెద్దు జొన్నచొప్ప నమల్లేక, నోట్లో తిప్పి తిప్పి ఉండలు చేసి గాటిలోనే రాలుస్తాండె. అది చూసి మా మామ కాడి దించేసినాడు. "ఇంక దీని మెడమీద ఏమీ పెట్టొద్దు" అన్నాడు.

ఊళ్లో ఊరుకుంటారా? ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరలో పశువుల సంత పెద్దది గదా, ఆడికి తోల్తే ఎంతో కొంత చేతికొస్తాదని చెప్పినోళ్లు శానామంది. ముసలెద్దును సంతకు తోల్తే అది యాడికి పోతాదో అందరికీ తెలుసు. మా మామ ఒకటే మాట అనె: "యాగంటి బసవన్న కలియుగం చివర లేచి రంకె వేస్తాడని బ్రెమ్మంగారు చెప్పినాడని నమ్ముతాం. లేస్తాడనే బసవన్నకు మొక్కి, లేవలేని బసవన్నను అమ్ముకుంటామా?"

అమ్ముకున్నోళ్లు చెడ్డోళ్లని నేను అనను. ఈ సీమలో కరువు ఎట్లాంటిదో మీకు తెలీదు. 1876లో మొదలై రెండేండ్లు పీడించిన ధాత కరువును మా మామ వాళ్ల అబ్బ చూసినాడంట. మద్రాసు రాజధాని మొత్తంలో ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు, కడప ఉండె. మనుషులు గంజికి వరసలో నిలబడిన కాలం. ఇంటి కప్పుమీది బోద పీకి ఎద్దులకు వేసినారంట. కరువొచ్చినప్పుడల్లా మందల్ని నల్లమలకు తోలుకొని పోయేవాళ్లు. కొన్ని తిరిగొచ్చేవి, కొన్ని ఆడనే పడిపోయేవి. పిల్లోళ్ల నోటికి సంగటి లేనప్పుడు ఎద్దును అమ్మిన ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలిగించే బుద్ధి పుట్టదు. ఆ బాధ నాకు ఎరికే. అయితే జరుగుబాటు ఉండి కూడా సాకనోళ్లను చూసినాను. నా మాటంతా వాళ్లతోనే.

పుల్లెద్దును సాకేది మా అత్త. చొప్ప వద్దని వరిగడ్డి తెప్పిచ్చె. మనది మెట్ట, వరి లేదు. 1860ల్లో తవ్విన కర్నూలు–కడప కాలవ కింద నంద్యాల దిక్కు ఊళ్లలో వరి ఉండె. మా మామ బండి కట్టుకొని పోయి తెస్తాండె. వరిగడ్డి మెత్తన, దాన్ని ఇంకా సన్నంగా నరికి, నీళ్లు చల్లి నాననిచ్చి పెడతాంటిమి. ఉలవలు మెత్తగా ఉడకబెట్టి, చేత్తో పిసికి, ఇంత బెల్లం కలిపి ముద్దలు చేసి నోటికి అందిస్తాండె. మేం తాగే రాగంబలిలో కూడా దానికి వాటా ఉండె.

ఆ ఎండాకాలం ఒకపొద్దు లేవలేకపాయ. నలుగురు మొగోళ్లు గోనెసంచులు కడుపుకింద దూర్చి, మోకులు దూలానికి కట్టి లేపి నిలబెట్టినారు. ఒక ఘడియ నిలబడి మళ్లా కూలబడె. అప్పుడు మా అత్త నన్ను పిలిచి నేర్పిన పని మీకు చెప్పాల. మెత్తని ఇసక పోపించి పైన గడ్డి పరిపిచ్చె. ఎద్దును పక్కకు వాలనియ్యకుండా, రొమ్ముమీద ఆనుకొని కూర్చునేట్టు, రెండు దిక్కులా గడ్డి కూరిన సంచులు ఆనిచ్చె. నెమరేసే జీవం కడుపులో గాలి ఎప్పుడూ పుడతానే ఉంటాది. అది తేన్పుగా బయటికి పోవాల. ఒకపక్కకు పూర్తిగా పడిపోతే ఆ గాలికి దారి లేక కడుపు ఉబ్బి, ఊపిరాడక చచ్చిపోతాది. సదువు రాని మా అత్త ఈ మాట ఎవరికాడ నేర్చుకుందో గాని, నువ్వు మొన్న పుస్తకంలో చదివి చెప్పిందీ అదే.

పొద్దున ఒకసారి, మాపున ఒకసారి ఎడమ తొడమీంచి కుడి తొడమీదికి మార్చల్ల. లేకుంటే బరువంతా ఒకే తొడమీద పడి, రక్తం ఆడక కాలు చచ్చుబడతాది. ఎముక ఆనేచోట పుండ్లు లేస్తాయి. పుండు కనపడితే వేపనూనె పూస్తాంటిమి, ఈగ వాలకుండా, పురుగు పట్టకుండా. కాకులు పొడవకుండా పిల్లోళ్లు కట్టె పట్టుకొని కాపలా. నీళ్లు గొట్టంతో పోసేటప్పుడు తల బాగా పైకెత్తగూడదు. ఎత్తితే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దవడ పక్కనించి కొంచెం కొంచెం పోసి, గుటక పడిందా లేదా అని గొంతుమీద చెయ్యి పెట్టి చూడల్ల. గంగడోలు కింద గీకుతాంటే కండ్లు మూసుకొని మెడ సాచిచ్చేది. మైలెద్దును దాని కంటికి ఆనేచోటనే కట్టేస్తాంటిమి. జత కనపడకుంటే అది మేత ముట్టదు.

గుటక కూడా పడని దినం వచ్చె. మా మామ కొడవలి తెచ్చి ముకుదాడు కోసి తీసేసినాడు. దూడగా ఉన్నప్పుడు కుట్టిన ముక్కు, అన్నేండ్లకు ఉత్తది అయింది. కొమ్ములకు నూనె రాసి, నొసట పసుపు కుంకుమ పెట్టి, మా అత్త దాని తల ఒళ్లో పెట్టుకొనె. తెల్లవారకముందే పాయ. మన చేన్లోనే లోతుగా గుంత తీసి, ఉప్పు చల్లి పూడ్చినాం.

అందరూ పూడ్చేవాళ్లు కాదు. తోలుపని చేసేవాళ్లు వచ్చి తోలు తీసుకుంటాండె. ఆ తోలే మళ్లా బాన అయ్యేది, చెప్పులయ్యేది. వాళ్ల చేతిపని లేకుంటే ఏ బాయిలోనించీ చుక్క నీళ్లు పైకి రాకపోవును. అందుకే కళ్లంలో గింజ కొలిచేటప్పుడు వాళ్ల వాటా తీసిపెట్టేవాళ్లు. తోలు తీసినాక ఊరి బయట వేస్తే రాబందులు దిగుతాండె. చూస్తాండగానే ఎముకలు మిగిల్తాండె. ఊరికి వాసన రాకపోయేది, రోగం రాకపోయేది.

ఆ పక్షులు ఇప్పుడు యాడ ఉండాయి? ఎందుకు పోయినాయో ఈ నా మనమరాలే నాకు చెప్పె. ముసలి గొడ్డుకు కీళ్లనొప్పులని వేసే సూదిలో డైక్లోఫినాక్ అనే మందు ఉండెనంట. ఆ గొడ్డు చచ్చినాక తిన్న రాబందు మూత్రపిండాలు చెడిపోయి చచ్చిపోయేదంట. పాకిస్తాన్‌లో చచ్చిన పక్షుల్ని కోసి చూసి ఆ సంగతి 2004లో లోకానికి చెప్పినారు. అప్పటికే మనదేశంలో తెల్లవీపు రాబందులు నూటికి ఒకటి కూడా మిగల్లేదంట. 2006లో సర్కారు పశువులకు ఆ మందు తయారుచేయొద్దనె. 2023లో ఎసిక్లోఫినాక్‌నూ కీటోప్రొఫెన్‌నూ కూడా పశువులకు నిలిపేసినారు. మెలాక్సికామ్ అనే మందు అట్లే నొప్పి తగ్గిస్తాది, రాబందుకు హాని చెయ్యదు. ఆవుకైనా ఎద్దుకైనా సూది వేపిచ్చేటప్పుడు ఆ పేరు అడగండి. మనం ఒక జీవానికి చేసే మేలు ఇంకో జీవానికి కీడు కాగూడదు.

మా కాలంలో పశువుల డాక్టరు కోసం బండి కట్టుకొని పోవాల. ఇప్పుడు 1962కు ఫోను చేస్తే డాక్టరే బండి ఎక్కి ఊళ్లోకి వస్తాడు. పిలవడానికి ఎనకాడొద్దు. ఇంత సాయం ఉన్న కాలంలో కూడా ముసలి కుక్కను బస్టాండులో వదిలేసి వచ్చేవాళ్లను, వట్టిపోయిన ఆవును రోడ్డుమీదికి తోలేవాళ్లను చూస్తే నాకు కడుపు రగుల్తాది. ఎద్దు ఏడ్చిన సేద్యం బాగుపడదని పెద్దలన్నారు. కుక్క ఏడ్చిన ఇల్లు మాత్రం బాగుపడతాదా?

నొప్పి భరించలేని జీవానికి సూదేసి నిద్రపుచ్చడం తప్పా అని కూడా అడిగితివి. మా కాలంలో ఆ దారి లేదు. నీ చదువు చూసి, ఇంక బాగుకాదని చెప్పి, బాధ చూడలేక చేస్తే తప్పని నేననను. కాని అది దాని నొప్పి తీరేదానికి కావాల, నీ విసుగు తీరేదానికి కాదు. ఆ పొద్దు పక్కన కూర్చోల్ల, తలమీద చెయ్యి తియ్యగూడదు.

దూడను తెచ్చినా, కుక్కపిల్లను తెచ్చినా ఆ దినమే కడదాకా లెక్కేసుకోండి. దాని కాళ్లు పడిపోయిననాడు ఎత్తేది ఎవరు, రాత్రి నీళ్లు తాపేది ఎవరు అని ఇంట్లో అందరూ కూర్చొని మాట్లాడుకోండి. ఒప్పుకుంటేనే తెచ్చుకోండి. తెచ్చుకున్నాక సేవంతా ఒక్క ఆడమనిషి నెత్తిన పెట్టొద్దు, అందరూ పంచుకోండి. పుల్లెద్దు పండించిన గింజ తిని ఈ ఇల్లు నిలబడింది. దానికి చేసింది దయ కాదు నాయనా, బాకీ.