భారత పదాతిదళ ఆయుధాల మార్పిడి: ఇన్సాస్ తరువాత

భారత సైన్యంలో పదాతి జవాను మోసే రైఫిల్‌నూ, అతని దళానికి అండగా ఉండే మెషిన్‌గన్‌నూ మార్చే పని ఈ శతాబ్దంలో ఎక్కువ భాగం సాగుతూనే వచ్చింది. 1990ల నుంచి వాడుకలో ఉన్న ఇన్సాస్ ఆయుధాల స్థానంలో అమెరికన్ సంస్థ సిగ్ సావర్ తయారీ సిగ్-716, రష్యా నమూనా ఏకే-203 రైఫిళ్లు, ఇజ్రాయెల్ నెగెవ్ మెషిన్‌గన్లు చేరుతున్నాయి. ఒక ఆయుధ కుటుంబాన్ని తీసేయబోతే మూడు దేశాల సరుకు చేతికి రావడానికి యుద్ధ అవసరాలకన్నా, ఎలాంటి తుపాకీ కావాలో కాగితం మీద రాసుకున్న తీరే ఎక్కువ కారణం.

పూర్వరంగం

తూటాలు, విడిభాగాలు వెంట లేకుండా తుపాకులు మాత్రమే తెచ్చుకుంటే ఏమవుతుందో తెలంగాణ నేల 1948లో చూసింది. భారత ప్రభుత్వం ఆయుధాల సరఫరా ఆపేయడంతో నిజాం ప్రభుత్వం ఆస్ట్రేలియా పైలట్ సిడ్నీ కాటన్‌ను ఆశ్రయించింది. అతని లంకాస్ట్రియన్ విమానాలు కరాచీ నుంచి రాత్రిపూట ఎగిరి వరంగల్‌లోనూ, బీదర్‌లోనూ ఆయుధాలు దించాయి. సెప్టెంబరు 13న భారత సేన షోలాపూర్ వైపు నుంచి నల్‌దుర్గ్, జహీరాబాద్ దారిన కదిలింది. అయిదు రోజుల్లో నిజాం సేనాధిపతి జనరల్ ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. ఆఖరి నెలల్లో అందిన తుపాకులతో సైన్యం తయారు కాలేదు. వాటికి శిక్షణ, మరమ్మతు, తూటాల రాక తోడైనప్పుడే అవి ఆయుధాలవుతాయి.

స్వతంత్ర భారత సైన్యానికి మరో పాఠం 1962 చైనా యుద్ధంలో ఎదురైంది. మనవాళ్ల చేతిలో .303 లీ-ఎన్‌ఫీల్డ్. ఒక్కో గుండు పేల్చాక బోల్టు వెనక్కి లాగి, మళ్లీ ముందుకు తోసి, అప్పుడు గురి చూడాలి. అవతల చైనా సైనికుల చేతుల్లో బోల్టు లాగే పని లేకుండా వరసగా పేలే రైఫిళ్లు. ఆ యుద్ధం తరువాత ఈశాపూర్ కర్మాగారంలో తయారైన, 7.62×51 మి.మీ. తూటా పేల్చే ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) వచ్చి, 1965, 1971 యుద్ధాల మీదుగా రెండు తరాల జవాన్లకు తోడుంది. బరువైనదే, భుజాన్ని గట్టిగా తన్నేదే, కానీ మొండిది. పాత జవాన్లు ఇప్పటికీ దాన్ని ఇష్టంగా తలుచుకుంటారు.

ఇన్సాస్

పుణెలోని ఆయుధ పరిశోధన సంస్థ ఏఆర్‌డీఈ 1980లలో ఇన్సాస్‌కు రూపమిచ్చింది. రైఫిల్, తేలికపాటి మెషిన్‌గన్, కార్బైన్ మూడూ ఒకే 5.56×45 తూటాతో నడవాలన్నది ఆలోచన, అది మంచి ఆలోచనే. కార్బైన్ మాత్రం సైన్యం మెప్పు పొందలేదు. రైఫిల్ లోపలి పనితీరు కలాష్నికోవ్‌ది, గ్యాస్ రెగ్యులేటర్ బెల్జియం రైఫిల్ ఫాల్‌ది, కాకింగ్ హ్యాండిల్ జర్మనీ హెక్లర్ అండ్ కోచ్ తరహాది. ఖాళీ మ్యాగజైన్‌తో నాలుగు కిలోలకు కాస్త పైగా తూగుతుంది. మ్యాగజైన్‌లో ఎన్ని తూటాలు మిగిలాయో పైనుంచే కనిపించేలా దాన్ని కాంతి చొరబడే ప్లాస్టిక్‌తో చేశారు.

ఆ ప్లాస్టిక్కే 1999లో కార్గిల్ చలికి పగిలింది. మూడేసి గుండ్ల బరస్ట్ మీద పెట్టిన రైఫిల్ ఆగకుండా పేలిందని, కాల్చేవాడి కళ్లలో నూనె చిందిందని ఫిర్యాదులు వచ్చాయి. భారత్ నుంచి ఇన్సాస్ తీసుకున్న నేపాల్ సైన్యం కూడా 2005లో మావోయిస్టులతో జరిగిన పోరులో అది మొరాయించిందని ఆరోపించింది. తరువాత కర్మాగారాలు మ్యాగజైన్లను మార్చాయి, లోపాలను చాలావరకు సరిదిద్దాయి. అయితే అప్పటికే కశ్మీర్‌లో ఎదురుకాల్పులకు వెళ్లే దళాలు ఇన్సాస్‌ను పక్కనపెట్టి దిగుమతి ఏకేలు పట్టుకెళ్లడం మామూలైపోయింది. తుపాకీ మీద పోయిన నమ్మకం మరమ్మతుతో తిరిగి రాదు. ఇన్సాస్‌కు జరిగిన అసలు నష్టం ఇదే.

తూటా ఎంపిక

రైఫిల్ ఎంపికంటే నిజానికి తూటా ఎంపిక. గొట్టం, మ్యాగజైన్, బరువు, తన్ను, దూరం, కర్మాగారంలోని యంత్రాలు అన్నీ దాని వెనకే వస్తాయి. భారత సైన్యం ముందున్నవి మూడు.

5.56×45 గుండు దాదాపు 4 గ్రాములు, సెకనుకు 900 మీటర్లకు అటూఇటూ వేగం. తూటా మొత్తం 12 గ్రాములే కనుక జవాను ఎక్కువ మోయగలడు, తన్ను తక్కువ కనుక గురి చెదరదు. గాయపడ్డ శత్రువును మోయడానికి మరో ఇద్దరు పోరు వదిలి వెళ్తారన్న లెక్క దీని వెనక ఉండేది. గాయపడ్డాక కూడా కాలుస్తూనే ఉండే మిలిటెంటు ముందు ఆ లెక్క తప్పింది.

7.62×51 గుండు తొమ్మిది గ్రాముల పైచిలుకు, దెబ్బలో శక్తి 5.56కు దాదాపు రెట్టింపు. 500 మీటర్ల అవతల కూడా పని చేస్తుంది. నియంత్రణ రేఖ వెంట, ఒక కొండ మీద నుంచి ఎదుటి కొండను కాల్చాల్సిన చోట ఇది కావాలి. తూటా బరువు 24 గ్రాములు. అంటే 200 తూటాలు మోస్తే ఒక్క తూటాల బరువే అయిదు కిలోలకు చేరువ. అదే 5.56 అయితే రెండున్నర కిలోలు. పదమూడు వేల అడుగుల ఎత్తులో నిట్టనిలువు దారి ఎక్కేవాడికి ఆ రెండున్నర కిలోల తేడా ప్రతి అడుగులో తెలుస్తుంది.

ఏకేల 7.62×39 ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది. 300 మీటర్ల లోపు పోరుకు, పొదల్లో, ఇళ్ల మధ్య బాగా ఉపయోగం.

టెండర్ల కథ

2011లో సైన్యం ఈ చిక్కును తప్పించుకునే దారి వెతికింది. గొట్టం మారిస్తే 5.56, 7.62×39 రెండూ పేల్చే రైఫిల్ కావాలని, సుమారు 66 వేల తుపాకులకు టెండరు పిలిచింది. ఇటలీ బెరెట్టా, అమెరికా కోల్ట్, చెక్ సీజెడ్, ఇజ్రాయెల్ ఐడబ్ల్యూఐ వంటి పేరున్న సంస్థలు వచ్చాయి. పరీక్షలు ఏళ్ల తరబడి సాగి, 2015లో టెండరే రద్దయింది. ఏ పెద్ద సైన్యమూ సాధారణ జవానుకు ఇవ్వని తుపాకీని కోరుకోవడం మొదటి తప్పు. యుద్ధరంగంలో గొట్టాలు మార్చుకుంటూ కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. మార్చిన ప్రతిసారీ గురి మళ్లీ సరిచూసుకోవాలి. ఆ రెండో గొట్టాన్ని ఎవరో ఒకరు మోయాలి కూడా.

తరువాత ఆలోచన 7.62×51 వైపు తిరిగింది. ఆ కొలతతో ఈశాపూర్ తయారు చేసిన రైఫిల్‌ను, లోపాలు మరీ ఎక్కువన్న కారణంతో 2017లో సైన్యం తిప్పి పంపింది. 2018 ఫిబ్రవరిలో రక్షణ కొనుగోళ్ల మండలి మూడు దళాలకూ కలిపి 7.40 లక్షల రైఫిళ్లకు, రూ.12,280 కోట్ల అంచనాతో అనుమతినిచ్చింది. అదంతా దేశంలో తయారవ్వాలంటే కాలం పడుతుంది కనుక, సరిహద్దు దళాల కోసం 2019 ఫిబ్రవరిలో 72,400 సిగ్-716 రైఫిళ్లను నేరుగా కొన్నారు. 2024లో మరో 73 వేలకు ఒప్పందం కుదిరింది.

మిగతా సైన్యానికి ఏకే-203. ఉత్తరప్రదేశ్ అమేఠీ జిల్లా కోర్వాలో ఇండో-రష్యన్ సంస్థకు 2019 మార్చిలో ప్రారంభోత్సవం జరిగినా, ధర మీద, సాంకేతిక బదిలీ మీద బేరాలు తెగక 6,01,427 రైఫిళ్ల ఒప్పందం 2021 డిసెంబరు దాకా ఆగింది. 2024 జులై నాటికి 35 వేలు అందాయి. లైసెన్సుతో వచ్చినా కొన్నేళ్లలో పూర్తిగా ఇక్కడే తయారయ్యే తుపాకీ అది. అందుకే ఈ మొత్తం వ్యవహారంలో దూరం చూసి తీసుకున్న నిర్ణయం ఇదేనని చెప్పాలి.

మెషిన్‌గన్లు, కార్బైన్లు

ఇన్సాస్ తేలికపాటి మెషిన్‌గన్ (ఎల్‌ఎంజీ)కి బెల్టు లేదు, 30 తూటాల మ్యాగజైనే. సెక్షన్ ముందుకు కదిలేటప్పుడు శత్రువు తల ఎత్తకుండా ఏకధాటిగా కాల్చడమే ఆ ఆయుధం పని. ముప్పైకోసారి ఆగి మ్యాగజైన్ మార్చడం ఆ పనికే అడ్డం. 2020 మార్చిలో 16,479 నెగెవ్ ఎన్‌జీ-7 తుపాకులను రూ.880 కోట్లకు కొన్నారు. ఇది బెల్టుతో నడుస్తుంది, 7.62×51 పేలుస్తుంది, దాదాపు ఎనిమిది కిలోల బరువు. కాన్పూర్‌లో తయారయ్యే బెల్జియం నమూనా మీడియం మెషిన్‌గన్ ఎంఎంజీ 2ఏ1కూ అదే తూటా కావడం నిల్వలు చూసేవారికి పెద్ద ఊరట.

కార్బైన్ల విషయంలో జాప్యం ఇంకా ఎక్కువ. 2018లో యూఏఈ సంస్థ కారకల్ వారి సీఏఆర్-816ను 93,895 తుపాకుల కోసం ఎంపిక చేసి, 2020లో రద్దు చేశారు. ఈసారి దేశీయ తయారీకే అవకాశమిస్తూ 4.25 లక్షల కార్బైన్లకు కొత్త టెండరు పిలిస్తే, ఏఆర్‌డీఈ నమూనాతో వచ్చిన భారత్ ఫోర్జ్ 2025లో అందరికన్నా తక్కువ ధర కోట్ చేసింది.

తెలంగాణ పాత్ర

వికారాబాద్, తాండూరు కుర్రాళ్లు సైన్యంలో చేరాలంటే సికింద్రాబాద్ నియామక కార్యాలయం గుండానే వెళ్లాలి. ఆ నగరంలోనే ఆయుధాల నిల్వ, పంపిణీ చూసే ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్ శిక్షణ కేంద్రం, మరమ్మతుల విద్య నేర్పే ఈఎంఈ సైనిక కళాశాల ఉన్నాయి. మూడు తూటాలు, మూడు రకాల విడిభాగాలు ఉన్న సైన్యంలో భారమంతా పడేది ఈ రెండు విభాగాల మీదే. పొరపాటున ఒక యూనిట్‌కు వెళ్లాల్సిన పెట్టె మరో యూనిట్‌కు చేరితే, రెండు చోట్లా తుపాకులు మూగబోతాయి.

తయారీలోనూ హైదరాబాద్ పేరు వినిపిస్తోంది. ఏఆర్‌డీఈతో కలిసి ఇక్కడి ద్వీపా ఆర్మర్ సంస్థ రూపొందించిన 7.62×51 రైఫిల్ ‘ఉగ్రం’ను 2024 జనవరిలో పుణెలో ఆవిష్కరించారు. నాలుగు కిలోల లోపు బరువు, 500 మీటర్ల పరిధి, 20 తూటాల మ్యాగజైన్ దాని లక్షణాలు. అదే ఏడాది మేఘా సంస్థకు చెందిన ఐకామ్, కారకల్‌తో కలిసి హైదరాబాద్‌లో చిన్న ఆయుధాల కర్మాగారం తెరిచింది. అంతకు నాలుగేళ్ల ముందు భారత్ కొనుగోలు రద్దు చేసుకున్న సీఏఆర్-816 అక్కడి ఉత్పత్తుల్లో ఒకటి.