బుట్టలో బంతి, గుండెలో కాలేజీ

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ వ్యాయామశాల బాల్కనీకి రెండు పీచ్ పండ్ల బుట్టలు కట్టించాడు. బాస్కెట్‌బాల్ పుట్టింది. ఇక మన రాయలసీమ, అప్పటి దత్తమండలాలు, అప్పుడు మద్రాసు రాజధానిలో భాగం. 1920లో హ్యారీ బక్ మద్రాసులో నెలకొల్పిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యాలయం దక్షిణాది బడులకు డ్రిల్లు మాస్టర్లను తయారుచేసింది. అనంతపురంలో దత్తమండలాల కళాశాల 1916లోనే వెలిసింది.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే రైలు దారి మీది ఊళ్లు. 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఇక్కడి డిగ్రీ కాలేజీలు దాని గొడుగు కిందికి చేరాయి. అంతర్ కళాశాలల పోటీ అంటే పొరుగూరితో పోటీయే.

కాలేజీ జట్టు మీద అభిమానానికి మొదలు అక్కడే. కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15. గీత పక్కన నిలబడితే ఆటగాడి ఊపిరి వినిపిస్తుంది. క్రికెట్ మైదానంలో ఆ దగ్గరితనం ఎక్కడిది? పైగా ఆడేది మగ్గం నేసే ఇంటి పిల్లాడో, ఎదురింటి అమ్మాయో అయితే, ఫౌల్ అంటే తెలియని తల్లి కూడా రిఫరీతో వాదనకు దిగుతుంది.

డిగ్రీ మూడేళ్లే. ఆటగాళ్లు వెళ్లిపోతారు, జెర్సీ మీద కాలేజీ పేరు మాత్రం ఉంటుంది. పాత విద్యార్థులు ఆ పేరు కోసమే వస్తారు. 2022 ఏప్రిల్ 4న ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. విశ్వవిద్యాలయం మాత్రం అనంతపురంలోనే ఉంది.